బ్రిటన్‌లో రైలు ఛార్జీలు పెంచలేదంటున్నారు.. మరి మీ టికెట్ ధర రోజుకో రకంగా ఎందుకుంటోంది?

లండన్ యూస్టన్ స్టేషన్‌లో మీరు మాంచెస్టర్ రైలెక్కారనుకుందాం. మీ పక్క సీటాయన మూడు వారాల ముందే టికెట్ కొన్నారు. మీరు అప్పటికప్పుడు స్టేషన్‌కు వచ్చి కొన్నారు. రైలు ఒకటే, పెట్టె ఒకటే, చేరే సమయమూ ఒకటే. కానీ మీరు కట్టింది ఆయన కట్టిన దానికి మూడు, నాలుగు రెట్లు ఉండొచ్చు.

మన దగ్గర రైలెక్కి అలవాటైన వారికి ఇది వింతగానే ఉంటుంది. సికింద్రాబాద్ నుంచి విశాఖపట్నానికి స్లీపర్ టికెట్ రెండు నెలల ముందు కొన్నా, వారం ముందు కొన్నా ఛార్జీ ఒకటే. సీటు దొరుకుతుందా, లేదా అన్నదే అసలు బెంగ. బ్రిటన్‌లో బెంగ తిరగబడుతుంది. అక్కడ చాలా రైళ్లకు బయల్దేరే నిమిషం ముందు కూడా టికెట్ దొరుకుతుంది. ఎంతకు దొరుకుతుందన్నదే ప్రశ్న.

చదువుల కోసం, ఉద్యోగాల కోసం బ్రిటన్ వెళ్లిన తెలుగువారికి, పిల్లల కాన్వొకేషన్ చూడటానికి వెళ్లే తల్లిదండ్రులకు మొదటి నెలలోనే ఎదురయ్యే ఖర్చు ఇది. ధరలు ఎలా నిర్ణయమవుతాయో తెలిస్తే చాలా వరకు తగ్గించుకోవచ్చు. తెలియకుండా చవక టికెట్ కొంటే మాత్రం జరిమానా దాకా వెళ్లొచ్చు. అసలు ఈ లెక్కేంటో చూద్దాం.

ఛార్జీలు పెరగవన్నారు కదా?

ఇంగ్లండ్‌లో ప్రభుత్వ నియంత్రణలో ఉన్న రైలు ఛార్జీలను 2027 మార్చి వరకు పెంచబోమని బ్రిటన్ ప్రభుత్వం 2025 నవంబరులో ప్రకటించింది. 30 ఏళ్లలో ఇలా ధరలను ఆపడం ఇదే మొదటిసారి. అంతకుముందు 2025 మార్చి 2న ఇవే ఛార్జీలు 4.6 శాతం పెరిగాయి.

ఇక్కడ గమనించాల్సిన మాట ‘నియంత్రణలో ఉన్న’ అనేది. బ్రిటన్‌లో రైలు ఛార్జీల్లో దాదాపు 45 శాతమే ప్రభుత్వ నియంత్రణలో ఉంటాయి. రోజూ ఆఫీసుకు వెళ్లేవారి సీజన్ టికెట్లు, పెద్ద నగరాల చుట్టుపక్కల రద్దీ వేళ టికెట్లు, దూర ప్రయాణాల్లో ఎక్కువ శాతం ఆఫ్ పీక్ రిటర్న్ టికెట్లు ఇందులోకి వస్తాయి. మిగతావి రైలు సంస్థలే నిర్ణయించుకుంటాయి. ముందుగా బుక్ చేసుకునే అడ్వాన్స్ టికెట్లు ఈ రెండో రకం. గిరాకీని బట్టి వాటి ధర మారుతూనే ఉంటుంది.

అంటే ప్రభుత్వం ధరలు ఆపిన మాట నిజమే, మీకు నిన్న కనిపించిన అడ్వాన్స్ టికెట్ ఇవాళ ఖరీదైన మాటా నిజమే. రెంటికీ పొత్తు లేదు.

స్కాట్లండ్‌ది వేరే దారి. అక్కడి ప్రభుత్వ సంస్థ స్కాట్‌రైల్ 2025 సెప్టెంబరు 1 నుంచి రద్దీ వేళ అదనపు ఛార్జీలను పూర్తిగా ఎత్తేసింది. దీంతో ఎడిన్‌బరో, గ్లాస్గో మధ్య రద్దీ వేళ రానుపోను టికెట్ 32.60 పౌండ్ల నుంచి 16.80 పౌండ్లకు తగ్గింది. స్కాట్లండ్‌లో చదువుకునే వారికి ఉదయం ఏ రైలు ఎక్కాలన్న లెక్క స్థానిక ప్రయాణాల్లో ఇక అక్కర్లేదు. ఇంగ్లండ్‌లో ఉన్నవారికి ఆ లెక్క తప్పదు.

ఒకే రైలుకు ఇన్ని ధరలెందుకు?

బ్రిటన్‌లో మీరు కొనేది సీటు కాదు, షరతులతో కూడిన అనుమతి. షరతులు ఎన్ని ఎక్కువైతే ధర అంత తక్కువ. ఈ ఒక్క సూత్రం పట్టుకుంటే టికెట్ల పేర్లన్నీ అర్థమవుతాయి.

ఎనీటైమ్ టికెట్: ఆ రోజు ఏ రైలైనా, ఏ వేళైనా ఎక్కొచ్చు. షరతులు దాదాపు ఉండవు కాబట్టి అన్నింటికన్నా ఖరీదు.

ఆఫ్ పీక్ టికెట్: రద్దీ లేని వేళల్లో ఏ రైలైనా ఎక్కొచ్చు. పనిదినాల్లో సాధారణంగా ఉదయం 9 లేదా 9.30 తర్వాత మొదలవుతుంది. లండన్ నుంచి బయల్దేరే కొన్ని మార్గాల్లో సాయంత్రం కూడా ఆంక్షలుంటాయి. శని, ఆదివారాల్లో ఎక్కువ మార్గాల్లో రోజంతా చెల్లుతుంది. కొన్ని చోట్ల వేళలు ఇంకా బిగించి, ధర ఇంకా తగ్గించిన సూపర్ ఆఫ్ పీక్ కూడా ఉంటుంది.

అడ్వాన్స్ టికెట్: ఫలానా తేదీ, ఫలానా రైలు. దానికే చెల్లుతుంది. మధ్యలో దిగడానికి, మధ్య స్టేషన్‌లో ఎక్కడానికి వీల్లేదు. ప్రయాణం మానుకుంటే డబ్బు వెనక్కి రాదు. రైలు బయల్దేరక ముందైతే తేదీ, సమయం మార్చుకోవచ్చు. దానికి సాధారణంగా 10 పౌండ్ల వరకు రుసుము, పైగా ధరలో తేడా కట్టాలి.

పేరులో అడ్వాన్స్ ఉన్నా, కొన్ని సంస్థలు వీటిని అదే రోజు, రైలు రావడానికి కొద్ది నిమిషాల ముందు వరకు కూడా అమ్ముతాయి. కాబట్టి ‘ఆలస్యమైంది కదా’ అని నేరుగా ఎనీటైమ్ కొనేయకండి. ఒకసారి ఫోన్‌లో చూడండి.

మన రాజధాని, దురంతో రైళ్లలో 2016 నుంచి ఫ్లెక్సీ ఫేర్ ఉంది. సీట్లు నిండుతున్న కొద్దీ ఛార్జీ పెరుగుతుంది. అడ్వాన్స్ టికెట్లూ అలాంటివే. ఒక్కో రైలుకు తక్కువ ధరలో కొన్ని, మధ్య ధరలో కొన్ని, ఎక్కువ ధరలో కొన్ని టికెట్లు పెడతారు. చవకవి అయిపోతే తర్వాతి మెట్టు. అందుకే అదే మార్గంలో ఉదయం 10 గంటల రైలు ఒక ధర, 11 గంటల రైలు మరో ధర కనిపిస్తాయి.

ఎప్పుడు, ఎక్కడ కొనాలి?

మన దగ్గర రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుస్తారు. బ్రిటన్‌లో చాలా సంస్థలు అడ్వాన్స్ టికెట్లను దాదాపు 12 వారాల ముందు అమ్మకానికి పెడతాయి. అయితే అది ఖాయమైన తేదీ కాదు. ట్రాక్ మరమ్మతులుంటే ఆ రోజు టైంటేబుల్ ఖరారు కావడం ఆలస్యమవుతుంది. మరమ్మతులు ఎక్కువగా ఆదివారాలు, సెలవు రోజుల్లోనే పెడతారు. ఆ రోజుల్లో కొన్ని చోట్ల రైలుకు బదులు బస్సు ఎక్కిస్తారు. ఆదివారం ప్రయాణమైతే టికెట్ కొనే ముందు మొత్తం ఎంతసేపు పడుతుందో తప్పక చూసుకోండి. క్రిస్మస్ రోజున రైళ్లుండవు. డిసెంబరు 26న కూడా దాదాపు ఉండవు.

ఎక్కడ కొనాలన్నది అంతకంటే తేలిక. బ్రిటన్‌లో ఏ రైలు సంస్థ వెబ్‌సైట్ అయినా అన్ని సంస్థల టికెట్లూ అమ్ముతుంది. బుకింగ్ రుసుము ఉండదు. కొన్ని ప్రైవేటు యాప్‌లు మాత్రం టికెట్ ధరపై బుకింగ్ రుసుము వేస్తాయి. యాప్‌లో రైలు వెతికి, ఏదో ఒక రైలు సంస్థ సైట్‌లో కొంటే ఆ రుసుము మిగులుతుంది. రైళ్ల వేళలు, ఆలస్యాలు చూసుకోవడానికి నేషనల్ రైల్ సైట్ ఉంది. అది టికెట్ నేరుగా అమ్మదు, అమ్మే సంస్థకు పంపిస్తుంది.

వెతికేటప్పుడు మూడు అలవాట్లు పనికొస్తాయి.

ఒకటి, రానుపోను కలిపి ఒకసారి, విడివిడిగా ఒకసారి ధర చూడాలి. చాలా మార్గాల్లో ఆఫ్ పీక్ రిటర్న్ ధర ఒకవైపు టికెట్ కంటే కొద్దిగానే ఎక్కువ. అలాంటి చోట రిటర్నే లాభం. అడ్వాన్స్ టికెట్లు మాత్రం ఒకవైపువే ఉంటాయి. ఈ రెండు పద్ధతుల్లో ఏది తక్కువో మార్గాన్ని బట్టి మారుతుంది. లండన్ నుంచి యార్క్, న్యూకాజిల్ మీదుగా ఎడిన్‌బరో వెళ్లే ఎల్‌ఎన్‌ఈఆర్ సంస్థ 2023లో తన మార్గంలో రిటర్న్ టికెట్లే తీసేసింది.

రెండు, నెమ్మది రైలును చిన్నచూపు చూడొద్దు. లండన్ నుంచి బర్మింగ్‌హామ్‌కు యూస్టన్ నుంచి అవంతి వెస్ట్ కోస్ట్ వేగంగా తీసుకెళ్తుంది. అదే స్టేషన్ నుంచి లండన్ నార్త్‌వెస్టర్న్ రైళ్లు ఆగుతూ వెళ్తాయి. మార్లిబోన్ స్టేషన్ నుంచి చిల్టర్న్ రైళ్లున్నాయి. సమయం అరగంట నుంచి గంట వరకు ఎక్కువ పట్టినా, తక్కువ ధర తరచూ ఈ రెంటిలోనే దొరుకుతుంది. లండన్ నుంచి ఎడిన్‌బరోకు 2021 అక్టోబరు నుంచి లూమో అనే సంస్థ ఒకే తరగతి రైళ్లు నడుపుతోంది. ఆ మార్గంలో వెళ్లేటప్పుడు దాని ధర కూడా పోల్చి చూడండి.

మూడు, వేళ మీద పట్టింపు లేకపోతే అది కూడా డబ్బే. అవంతి సంస్థ ‘సూపర్‌ఫేర్’ పేరుతో ఎంపిక చేసిన మార్గాల్లో 7 నుంచి 21 రోజుల ముందు టికెట్లు అమ్ముతుంది. మీరు ఉదయం, మధ్యాహ్నం, సాయంత్రం అని పూట మాత్రమే ఎంచుకుంటారు. ఏ రైలో 24 గంటల ముందు వాళ్లే చెబుతారు.

చివరగా, సీటు సంగతి. ఆఫ్ పీక్, ఎనీటైమ్ టికెట్ ఉన్నంత మాత్రాన సీటు ఉన్నట్టు కాదు. నిలబడి వెళ్లాల్సి రావొచ్చు. దూరపు రైళ్లలో సీటు రిజర్వేషన్ ఉచితంగానే ఇస్తారు. టికెట్ కొనేటప్పుడే అడిగి పెట్టుకోవాలి.

రైల్‌కార్డు ఎవరికి లాభం?

ఏడాదికి ఒకసారి 35 పౌండ్లు కట్టి రైల్‌కార్డు తీసుకుంటే చాలా టికెట్లపై మూడో వంతు తగ్గుతుంది. అడ్వాన్స్ టికెట్లకూ ఇది వర్తిస్తుంది. లెక్క తేలికే. ఏడాదిలో 105 పౌండ్ల విలువైన టికెట్లు కొనేవారికి కార్డు ఖర్చు వచ్చేసినట్టే. ఆ పైన అంతా మిగులే. కొన్ని రకాల కార్డులు మూడేళ్లకు కలిపి 80 పౌండ్లకు దొరుకుతాయి.

విద్యార్థులకు: 16-25 రైల్‌కార్డు వయసు పేరుతో ఉన్నా, 26 దాటిన ఫుల్‌టైమ్ విద్యార్థులకూ ఇస్తారు. యూనివర్సిటీ ధ్రువీకరణ కావాలి. ఇక్కడ కొన్నేళ్లు ఉద్యోగం చేసి, ముప్పై దాటాక మాస్టర్స్‌కు వెళ్లేవారిలో చాలామందికి ఈ సంగతి తెలియదు. చదువు అయిపోయి ఉద్యోగంలో ఉన్న 26 నుంచి 30 ఏళ్ల వారికి వేరే కార్డుంది.

తల్లిదండ్రులకు: 60 దాటిన వారికి సీనియర్ రైల్‌కార్డు ఉంది. బ్రిటన్ వాసులే కానక్కర్లేదు, పాస్‌పోర్టు చూపి వయసు రుజువు చేస్తే చాలు. అయితే అమ్మానాన్న ఇద్దరూ ఎప్పుడూ కలిసే తిరుగుతారనుకుంటే రెండు సీనియర్ కార్డులు కొనక్కర్లేదు. ‘టూ టుగెదర్’ కార్డు ఒక్కటి చాలు. 35 పౌండ్లకే ఇద్దరికీ తగ్గింపు వస్తుంది. దీనికి వయసు పట్టింపు లేదు, 16 దాటితే చాలు. కార్డు మీద ఇద్దరి ఫొటోలూ ఉంటాయి. ఆ ఇద్దరూ కలిసి వెళ్తేనే చెల్లుతుంది. పనిదినాల్లో ఉదయం 9.30కు ముందు చెల్లదు.

కుటుంబాలకు: ‘ఫ్యామిలీ అండ్ ఫ్రెండ్స్’ కార్డుతో నలుగురు పెద్దల వరకు మూడో వంతు, 5 నుంచి 15 ఏళ్ల పిల్లలు నలుగురి వరకు 60 శాతం తగ్గుతుంది. కనీసం ఒక పిల్లో పిల్లాడో వెంట ఉండాలి. అయిదేళ్ల లోపు పిల్లలకు ఎలాగూ టికెట్ అక్కర్లేదు. ఒక పెద్దవారితో ఇద్దరి వరకు ఉచితం.

కార్డు లేకపోయినా ముగ్గురు నుంచి తొమ్మిది మంది కలిసి వెళ్తే చాలా సంస్థలు ‘గ్రూప్‌సేవ్’ కింద ఆఫ్ పీక్ టికెట్లపై మూడో వంతు తగ్గిస్తాయి. రూమ్మేట్లంతా కలిసి వెళ్లేటప్పుడు గుర్తుంచుకోండి.

పర్యటన కోసం వచ్చి నాలుగైదు ఊళ్లు చుట్టాలనుకునే వారికి బ్రిట్‌రైల్ పాస్ ఉంది. ఇది బ్రిటన్‌లో నివసించని వారికే అమ్ముతారు. రెండు ఊళ్లకు మించి తిరగని వారికి అడ్వాన్స్ టికెట్లతో పోల్చి చూశాకే కొనడం మంచిది.

టికెట్‌ను ముక్కలు చేస్తే ధర తగ్గుతుందా?

తరచూ తగ్గుతుంది. దీన్నే స్ప్లిట్ టికెటింగ్ అంటారు. లండన్ నుంచి బ్రిస్టల్‌కు ఒకే టికెట్ కొనకుండా, లండన్ నుంచి డిడ్‌కాట్‌కు ఒకటి, డిడ్‌కాట్ నుంచి బ్రిస్టల్‌కు ఒకటి కొంటారు. ఈ మార్గంలో ప్రయాణికులు ఎన్నో ఏళ్లుగా చేస్తున్న పని ఇది.

ఎందుకు తగ్గుతుందంటే, బ్రిటన్‌లో కిలోమీటరుకు ఇంత అన్న లెక్క లేదు. ప్రతి రెండు స్టేషన్ల మధ్య ధర విడిగా నిర్ణయిస్తారు. ఒక్కో జతకు ఒక్కో సంస్థది పెత్తనం. ప్రయాణంలో కొంత భాగమే రద్దీ వేళలో పడుతుంటే, ముక్కలు చేసినప్పుడు ఆ భాగానికే ఖరీదైన టికెట్ కొంటే సరిపోతుంది.

ఇది దొడ్డిదారి కాదు. నేషనల్ రైల్ ప్రయాణ నిబంధనలే దీన్ని అనుమతిస్తున్నాయి. ప్రధాన షరతు ఒకటే. టికెట్ మారే స్టేషన్‌లో మీ రైలు ఆగాలి. మీరు దిగనక్కర్లేదు, సీటులోంచి లేవనూ అక్కర్లేదు. రైలు ఆ స్టేషన్‌లో ఆగకుండా వెళ్తే మాత్రం మీ టికెట్లు చెల్లవు. డిడ్‌కాట్‌లో ఆగని బ్రిస్టల్ రైళ్లూ ఉంటాయి. ఎక్కే ముందు ఆగే స్టేషన్ల జాబితా చూసుకోండి. రెండూ అడ్వాన్స్ టికెట్లయితే మధ్యలో సీటు నంబరు మారొచ్చు.

మొదటి రైలు ఆలస్యమై రెండో రైలు తప్పితే? మారడానికి కావాల్సినంత సమయం ఉంచుకుని ప్లాన్ చేసి ఉంటే, ముక్కల టికెట్లయినా ఒకే ప్రయాణంగా లెక్క. తర్వాతి రైలులో వెళ్లనిస్తారు. కొన్ని సైట్లు ఈ ముక్కలను వాటంతట అవే వెతికిపెడతాయి. మిగిలిన డబ్బులో కొంత తమ వాటాగా తీసుకునేవీ ఉన్నాయి. తీసుకున్నా మీకు ఎంత మిగులుతోందో చూసుకుని కొనండి.

విమానం దిగి రైలెక్కేవారు చేసే పొరపాటు

హైదరాబాద్ నుంచి హీత్రూకు మధ్యాహ్నం విమానం దిగుతుంది. అక్కడి నుంచి షెఫీల్డ్‌కో, న్యూకాజిల్‌కో వెళ్లాలి. చవకగా ఉందని నెల ముందే అడ్వాన్స్ టికెట్ కొనేస్తారు. విమానం రెండు గంటలు ఆలస్యమవుతుంది. లేదా ఇమిగ్రేషన్ దగ్గర క్యూ కదలదు. రైలు వెళ్లిపోతుంది.

ఇక్కడ రైలు సంస్థకు బాధ్యత లేదు. ఆలస్యం చేసింది రైలు కాదు కాబట్టి ఆ టికెట్ అక్కడితో చెల్లిపోయినట్టే. అప్పటికప్పుడు కొత్త టికెట్ కొనాలి. కొత్త దేశంలో, రెండు పెద్ద సూట్‌కేసులతో, ఇంకా సిమ్ కూడా పని చేయని ఫోన్‌తో.

మొదటి ప్రయాణానికి ఆఫ్ పీక్ టికెట్ మేలు. కాస్త ఎక్కువైనా ఏ రైలైనా ఎక్కొచ్చు. అడ్వాన్సే కొనాలనుకుంటే దిగే సమయానికి, రైలుకు మధ్య కనీసం మూడు, నాలుగు గంటలు ఉంచండి. నేషనల్ ఎక్స్‌ప్రెస్ వంటి కోచ్ బస్సులు హీత్రూ నుంచి నేరుగా చాలా ఊళ్లకు వెళ్తాయి. లండన్‌లో స్టేషన్ మారాల్సిన పని ఉండదు. లగేజీ ఎక్కువైనప్పుడు ఈ దారి చూడొచ్చు. యూనివర్సిటీ ఉత్తరాన ఉంటే మాంచెస్టర్, బర్మింగ్‌హామ్ విమానాశ్రయాల్లోనే రైల్వే స్టేషన్లున్నాయన్నదీ విమానం టికెట్ కొనే ముందే ఆలోచించండి.

హీత్రూ నుంచి లండన్ నగరంలోకి మూడు దారులు. హీత్రూ ఎక్స్‌ప్రెస్ పావుగంటలో పాడింగ్టన్ చేరుస్తుంది, అప్పటికప్పుడు కొంటే అన్నింటికన్నా ఖరీదు. ఎలిజబెత్ లైన్ అరగంట పైన తీసుకుంటుంది, ధర మధ్యస్తం. పికడిల్లీ లైన్ దాదాపు గంట పడుతుంది, అన్నింటికన్నా చవక.

లండన్ లోపల కాగితం టికెట్ కొనక్కర్లేదు. బ్యాంకు కార్డు లేదా ఆయిస్టర్ కార్డు గేటు దగ్గర తాకిస్తే చాలు, ఒక రోజుకు కట్టే మొత్తానికి పరిమితి కూడా ఉంటుంది. అయితే రైల్‌కార్డు తగ్గింపు బ్యాంకు కార్డుకు రాదు. ట్యూబ్ స్టేషన్‌లో సిబ్బందిని అడిగి 16-25 వంటి కార్డును ఆయిస్టర్‌తో జత చేయించుకుంటే ఆఫ్ పీక్ ప్రయాణాల్లో మూడో వంతు తగ్గుతుంది. ఇల్లు, లేదా కాలేజీ లండన్‌లో ఉన్నవారు మొదటి వారంలోనే చేయించుకోవాల్సిన పని ఇది.

రైలు ఆలస్యమైతే డబ్బు వెనక్కి

ఇది అడిగితేనే ఇస్తారు. ‘డిలే రీపే’ పథకం కింద చాలా సంస్థలు 15 నిమిషాల ఆలస్యం నుంచే పరిహారం చెల్లిస్తాయి. 15 నుంచి 29 నిమిషాలైతే ఒకవైపు ఛార్జీలో 25 శాతం, 30 నుంచి 59 నిమిషాలైతే 50 శాతం, గంట దాటితే మొత్తం. రెండు గంటలు దాటితే రిటర్న్ టికెట్ ధర మొత్తం ఇస్తారు. కొన్ని సంస్థలు 30 నిమిషాల నుంచే లెక్కిస్తాయి.

ప్రయాణం జరిగిన 28 రోజుల్లోగా ఆ రైలు నడిపిన సంస్థ వెబ్‌సైట్‌లో దరఖాస్తు పెట్టాలి. టికెట్ ఎక్కడ కొన్నారన్నది కాదు, ఆలస్యం ఎవరి రైలుదన్నది ముఖ్యం. చవక అడ్వాన్స్ టికెట్‌కూ, ముక్కల టికెట్లకూ ఇది వర్తిస్తుంది. మీరు గమ్యం చేరడానికి ఎంత ఆలస్యమైందన్నదే లెక్క. అయితే ఈ పరిహారం టికెట్ డబ్బుకే. రైలు ఆలస్యమై తిరుగు విమానం తప్పితే ఆ నష్టం ఇందులో రాదు. కాబట్టి విమానాశ్రయానికి వెళ్లే రోజు చివరి నిమిషం రైలు పెట్టుకోవద్దు.

చవక టికెట్ ఎప్పుడు ఖరీదవుతుంది?

అసలు జాగ్రత్త పడాల్సింది ఇక్కడే. ఇంగ్లండ్‌లో సరైన టికెట్ లేకుండా దొరికితే పెనాల్టీ ఫేర్ 2023 జనవరి నుంచి 100 పౌండ్లు. దానికి తోడు ఒకవైపు ఛార్జీ. 21 రోజుల్లోగా కడితే 100 కాస్తా 50 అవుతుంది. అప్పీలు చేసుకోవడానికీ 21 రోజులే గడువు.

‘సరైన టికెట్ లేకుండా’ అంటే టికెట్టే లేకపోవడం ఒక్కటే కాదు. అడ్వాన్స్ టికెట్‌తో ముందు రైలో తర్వాతి రైలో ఎక్కడం, ఒక సంస్థ రైళ్లకే చెల్లే టికెట్‌తో మరో సంస్థ రైలెక్కడం, రైల్‌కార్డుతో తగ్గింపు తీసుకుని కార్డు చూపలేకపోవడం కూడా ఇందులోకే వస్తాయి. కార్డు ఫోన్‌లో ఉండి ఛార్జింగ్ అయిపోతే, లేనట్టే లెక్క.

16-25 రైల్‌కార్డులో అందరూ తడబడే షరతు ఒకటుంది. సోమవారం నుంచి శుక్రవారం వరకు, ఉదయం 4.30 నుంచి 10 గంటల మధ్య దీనికి కనీస ఛార్జీ ఉంటుంది. ఆ మొత్తం కన్నా తక్కువ ధర టికెట్‌కు కార్డు తగ్గింపు చెల్లదు. జులై, ఆగస్టు నెలల్లో మాత్రం ఈ షరతు ఉండదు. ‘ఎనీటైమ్’ అన్న పేరున్న టికెట్‌కు కూడా ఇది వర్తిస్తుంది. చిక్కంతా అక్కడే.

2024లో ఉత్తర ఇంగ్లండ్‌లో సరిగ్గా ఇదే జరిగింది. ఓ యువకుడు రైల్‌కార్డుతో కొన్న ఎనీటైమ్ టికెట్ ఉదయం చెల్లదంటూ ఓ రైలు సంస్థ కోర్టు కేసు పెడతానంది. కట్టాల్సిన దానికన్నా ఆయన తక్కువ కట్టింది 1.90 పౌండ్లు. విషయం పత్రికల్లోకి ఎక్కాక సంస్థ వెనక్కి తగ్గింది. ప్రభుత్వం ఈ తీరుపై సమీక్షకు రైల్వే నియంత్రణ సంస్థ ఓఆర్ఆర్‌ను ఆదేశించింది. 2025 జూన్‌లో ఆ నివేదిక వచ్చింది. టికెట్ల నిబంధనలు ప్రయాణికులకు అర్థమయ్యేలా ఉండాలని, పొరపాటును ఎగవేతగా చూడకూడదన్నదే దాని సారాంశం.

అదే 2024 ఆగస్టులో ఇంగ్లండ్ చీఫ్ మేజిస్ట్రేట్ మరో కీలక తీర్పిచ్చారు. రైలు సంస్థలు తమకు అధికారం లేని వేగవంతమైన కోర్టు పద్ధతిలో టికెట్ కేసులు నడిపాయని, అవి చెల్లవని తేల్చారు. అలాంటి కేసులు 74 వేల వరకు ఉంటాయని అంచనా.

తెలుగు విద్యార్థులకు ఇది దూరపు వార్త కాదు. పెనాల్టీ ఫేర్ అంటే నేర శిక్ష కాదు. కట్టేస్తే అక్కడితో అయిపోతుంది. కానీ ఆ నోటీసును పక్కన పడేస్తే, లేదా టికెట్ ఎగవేతగా కేసు కోర్టుకు వెళ్లి శిక్ష పడితే అది రికార్డులో చేరుతుంది. వీసా పొడిగింపు దరఖాస్తులో శిక్షల వివరాలు అడుగుతారు. రైలు సంస్థ నుంచి వచ్చిన ఉత్తరాన్ని ఎప్పుడూ తెరవకుండా ఉంచకండి. ఇల్లు మారితే చిరునామా మార్పించుకోండి. గడువులోగా జవాబివ్వండి. అవసరమైతే యూనివర్సిటీ స్టూడెంట్స్ యూనియన్‌లోని సలహా కేంద్రానికి వెళ్లండి.

ఈ గజిబిజి ఎప్పటికైనా పోతుందా?

1948 నుంచి బ్రిటన్ రైళ్లు ప్రభుత్వానివే. 1990ల మధ్యలో వాటిని ముక్కలు చేసి ప్రైవేటు సంస్థలకు అప్పగించారు. ఇప్పుడు మళ్లీ వెనక్కి తీసుకుంటున్నారు. 2024లో చేసిన చట్టం ప్రకారం 2025 మే 25న సౌత్ వెస్టర్న్ రైల్వే ప్రభుత్వం చేతికి వచ్చింది. ఆ ఏడాదే జులైలో సీ2సీ, అక్టోబరులో గ్రేటర్ ఆంగ్లియా వచ్చాయి. ఎల్‌ఎన్‌ఈఆర్, నార్తర్న్ వంటివి అంతకుముందే ప్రభుత్వం చేతిలో ఉన్నాయి. వీటన్నింటినీ ‘గ్రేట్ బ్రిటిష్ రైల్వేస్’ అనే ఒక్క సంస్థ కిందికి తెచ్చే బిల్లును 2025 నవంబరులో పార్లమెంటులో పెట్టారు. అందరికీ కలిపి ఒకే వెబ్‌సైట్, ఒకే యాప్ తెస్తామన్నది అందులో భాగమైన హామీ.

యజమాని మారినంత మాత్రాన ధర తగ్గదు. రైలు ప్రభుత్వానిదైనా, అడ్వాన్స్ టికెట్ గిరాకీని బట్టే నడుస్తోంది. నిబంధనలు సరళం చేస్తే సామాన్య ప్రయాణికుడికి జరిమానా భయం తగ్గుతుంది. అదే సమయంలో, స్ప్లిట్ టికెట్ లాంటి సందులు కూడా మూసుకుపోవచ్చు. ఒకే యాప్ వచ్చాక చూడాల్సింది ఇదే. అది మనకు అన్నింటికన్నా తక్కువ ధరను, దాని షరతులను మొదటే చూపిస్తుందా, లేక ఇప్పటిలాగే వెతుక్కున్నవారికే దక్కనిస్తుందా?

టికెట్ కొనే ముందు ఒకసారి చూసుకోండి

- తేదీ, వేళ ఖాయమైతేనే అడ్వాన్స్. ఏ కొంచెం అనుమానమున్నా ఆఫ్ పీక్.
- రైల్‌కార్డు తీసుకున్నాక దాని వేళల షరతు చదవండి. వారం మధ్యలో ఉదయం 10కి ముందు ప్రయాణమైతే రెండుసార్లు చదవండి.
- టికెట్ మీద ‘రూట్’ అన్న చోట ఏం రాసి ఉందో చూడండి. సంస్థ పేరు ఉంటే ఆ సంస్థ రైలే ఎక్కాలి.
- ముక్కల టికెట్లయితే రైలు ఆ స్టేషన్‌లో ఆగుతుందో లేదో చూడండి. అన్ని టికెట్లూ దగ్గర ఉంచుకోండి.
- టికెట్, రైల్‌కార్డు ఫోన్‌లో ఉంటే పవర్ బ్యాంకు వెంట ఉంచుకోండి.
- గమ్యానికి 15 నిమిషాలు ఆలస్యంగా చేరారా? ఆ రాత్రే డిలే రీపే దరఖాస్తు పెట్టేయండి.
- సందేహం ఉంటే రైలెక్కాక కాదు, ఎక్కక ముందే ప్లాట్‌ఫాం మీది సిబ్బందిని అడగండి. ఎక్కాక అడిగితే అప్పటికే మీ దగ్గర సరైన టికెట్ లేనట్టే.